ఇంజన్ బరువు వేసేటప్పుడు ఏమేం కలిపి తూచారో కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

అనంతపురం గుత్తి రోడ్డులో ఇరవై ఆరేళ్లుగా కార్ల మెకానిక్ షెడ్ నడుపుతున్నాను. మీ పేపర్లో వచ్చే కార్ల పేజీ నేను చదవడమే కాదు, షెడ్‌లో పని నేర్చుకునే పిల్లల చేత కూడా చదివిస్తాను. ఆ మధ్య చిన్న కార్ల ఇంజన్ల బరువులు పక్కపక్కన పెట్టి ఒక పట్టిక వేశారు. ఒక్కో ఇంజన్‌కు ఒక్కో అంకె ఉంది గానీ ఆ అంకెలో గేర్‌బాక్స్ ఉందా, సెల్ఫ్ మోటార్ ఉందా, ఆయిల్ పోసి తూచారా పోయకుండా తూచారా అన్నది ఎక్కడా లేదు. దీని గురించే ఈ ఉత్తరం.

పోయిన వేసవిలో ఒక కస్టమర్ కారుకు బెంగళూరు నుంచి వాడిన ఇంజన్ తెప్పించాను. దాని బరువు ఎక్కడో చదివి గుర్తు పెట్టుకున్నాను కాబట్టి, బరువులు ఎత్తే గొలుసు కప్పీ, అదే చైన్‌పుల్లీ అక్కర్లేదు, ముగ్గురం పట్టుకుంటే దిగుతుందిలే అనుకున్నాను. తీరా వచ్చింది చూస్తే గేర్‌బాక్స్, ఏసీ కంప్రెసర్, ఆల్టర్నేటర్, మౌంటింగులు అన్నీ బిగించే ఉన్నాయి. ట్రాలీ ఆటో మీద నుంచి దించుతుంటే పట్టు జారి మా షెడ్ పిల్లాడి రెండు వేళ్లు నలిగాయి. తప్పు నాదే, ఒప్పుకుంటాను. మరుసటి రోజు పక్కన వేరుశనగ బస్తాలు తూచే కాటా మీద పెట్టించాను. నేను చదివిన అంకెకు అది దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది.

అసలు ఇంజన్ అన్న మాటకే మా దగ్గర మూడు నాలుగు అర్థాలున్నాయి. పైన మూతలా బిగించే హెడ్డు లేకుండా, సిలిండర్లుండే దిమ్మ అంటే బ్లాక్, పిస్టన్లు, అవి తిప్పే ఇరుసు అంటే క్రాంక్ వరకే అయితే హాఫ్ ఇంజన్ అంటాం. హెడ్డుతో కలిపితే ఒక బరువు, ఫ్లైవీల్, క్లచ్, మానిఫోల్డులు కలిపితే ఇంకో బరువు. ఆయిల్, కూలెంట్ కూడా లెక్కలోకి వస్తాయి. మూడు లీటర్ల ఆయిల్ రెండున్నర కిలోలు దాటుతుంది, నాలుగు లీటర్ల కూలెంట్ నాలుగు కిలోల పైమాటే. కంపెనీలు చెప్పే డ్రై వెయిట్‌లో ఇవి ఉండవు.

ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌లో వచ్చిన లీటరు ఎకోబూస్ట్ ఇంజన్‌నే చూడండి, మూడు సిలిండర్లు, 999 సీసీ, బరువు 97 కిలోలని కంపెనీయే చెప్పింది. 2012లో ఆ కంపెనీ ఇంజనీర్ ఒకాయన సూట్‌కేసులో పెట్టుకుని విమానంలో తీసుకెళ్లింది ఈ ఇంజన్‌నే అని చాలామంది చెబుతారు గానీ, ఆ సూట్‌కేసులో పట్టింది బ్లాక్ మాత్రమే. ఇంకో విషయం, ఆ బ్లాక్ అల్యూమినియం కాదు, బీడు, అంటే పోత ఇనుము. బీడు ఘనపు సెంటీమీటరుకు 7 గ్రాముల పైన తూగుతుంది, అల్యూమినియం 2.7 గ్రాములే. అంత తేడా ఉన్నా బీడునే ఎంచుకున్నారంటే, అది గట్టిది కాబట్టి గోడలు పల్చగా పోయొచ్చు, పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది. అల్యూమినియం బ్లాక్‌కు గోడలు మందంగా ఉండాలి, చాలావాటికి సిలిండర్ల లోపల ఇనుప గొట్టాలు, అంటే లైనర్లు వేయాలి. కాబట్టి లోహం మారిస్తే బరువు మూడో వంతుకు పడిపోతుందని మా పిల్లలు లెక్క వేస్తే అది తప్పు.

స్విఫ్ట్ డీజిల్‌లో, ఇండికా విస్టాలో వచ్చిన 1248 సీసీ ఫియట్ డీజిల్ ఇంజన్ 140 కిలోలు. మా ఊళ్లో ట్యాక్సీల పుణ్యాన ఎన్ని విప్పానో లెక్కే లేదు. డీజిల్‌లో కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలిని నొక్కడం ఎక్కువ, ఆ దెబ్బను తట్టుకోవడానికి బ్లాక్, క్రాంక్, పిస్టన్లు అన్నీ దిట్టంగా ఉండాల్సిందే. 97కీ 140కీ మధ్య తేడాలో ఇంధనం వల్ల వచ్చింది ఎంత, తూచిన పద్ధతి వల్ల వచ్చింది ఎంత అన్నది పట్టికలో తెలియకపోతే చదివినవాళ్లకు ఏం ఉపయోగం?

బరువు ఎక్కడ కూర్చుందో కూడా రాయండి. టాటా నానోలో 624 సీసీ అల్యూమినియం ఇంజన్ వెనక ఉంటుంది, అందుకే ఆ కారుకు వెనక టైర్లు వెడల్పు, ముందువి సన్నం. స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికీ, ముందు టైర్లు త్వరగా అరగడానికీ ఈ బరువుతో సంబంధం ఉంది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి, మన జిల్లా ఐటీఐ పిల్లలు ఎంతోమంది ఈ పనిలోకి రావాలని చూస్తున్నారు. వాళ్లు మీ పేజీ కత్తిరించి దాచుకుంటారు. ఈసారి పట్టిక వేస్తే దయచేసి ఇంకొక్క గడి పెంచండి, గేర్‌బాక్స్ కలిపారా లేదా, ఆయిల్ ఉందా లేదా, బ్లాక్ బీడా అల్యూమినియమా అని. కంపెనీ ఆ వివరం ఇవ్వకపోతే ఇవ్వలేదనే వేయండి, మేం చైన్‌పుల్లీ కట్టుకుని దించుకుంటాం.

ఇట్లు,
ఒక కారు మెకానిక్,
గుత్తి రోడ్డు, అనంతపురం