జారుడుబల్ల దగ్గర కేక

తల్లిదండ్రులకు నమస్కారం.

నర్సరీ బాబు బడిలో జారుడుబల్ల మీంచి పడ్డాడని సోమవారం నుంచి మీ గ్రూపుల్లో నడుస్తున్న చర్చ నా దాకా వచ్చింది కాబట్టి సూటిగా చెప్తున్నాను: ఆ బాబు పడలేదు. పై మెట్టు మీద నిలబడి కిందికి చూశాడు, వెంటనే గేటు వైపు తిరిగి అమ్మ ముఖం చూశాడు. ఆవిడ "అమ్మో, పడతావురా!" అని అరిచారు. అంతే, కడ్డీని కరుచుకుని ఏడుపు. రోజూ జారే బల్లే! ఆ తల్లిని ఎవరూ ఏమీ అనకండి, మా పిల్లల చిన్నప్పుడు నేనూ అలా అరిచినదాన్నే.



ఇక నాకిష్టమైన విషయానికొస్తాను, కాస్త ఓపిక పట్టండి. ఎలియనోర్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనే శాస్త్రవేత్తలు బల్లలాంటి చట్రం మీద మందపాటి గాజు పరిచారు. గాజు కింద గళ్ల గుడ్డ ఒక సగంలో గాజుకు ఆనుకుని ఉంటుంది, రెండో సగంలో బాగా కిందికి ఉంటుంది, అందుకే అటువైపు గాజున్నా లోతుగా కనబడుతుంది. 1960లో వాళ్లు రాసిన లెక్క ప్రకారం, ఆరున్నర నుంచి 14 నెలల పిల్లలు 36 మందిలో అమ్మ పిలిచినా లోతు వైపు పాకినవాళ్లు ముగ్గురే. (అలాగని పాకే పిల్లను మంచం మీద వదిలేసి వెళ్లకండి.) 1985లో ఇంకొందరు ఆ లోతును సుమారు ఒక్క అడుగుకు తగ్గించి, దాటాలా వద్దా అని ఏడాది పిల్లలు తటపటాయించేలా చేశారు. అవతల అమ్మ నవ్వుతూ నిలబడితే 19 మందిలో 14 మంది దాటారు. భయపడ్డ ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. మాటా లేదు, కేకా లేదు, ఉత్త ముఖమే! లోతు వాళ్లకి కనబడుతూనే ఉంది, దాన్ని ఏం చేయాలో మాత్రం మన ముఖంలో వెతుక్కుంటారు.

ఈ పరిశోధనలేవీ చదవని మా రెండో తరగతి అమ్మాయి ఏం చేసిందో చూడండి. ఆ బాబుకి రెండు మెట్లు కింద కూర్చుని, నవ్వుతూ "నేనున్నా కదా, మెల్లగా కూర్చో" అంది. నాలుగుసార్లు జారాడు! ఆ పిల్లని ఎంత మెచ్చుకున్నా నాకు తనివి తీరలేదు, ఆ రోజు స్టాఫ్ రూములో అందరికీ రెండేసి సార్లు చెప్పాను.

మీరందరూ ఎంతో ప్రేమగా పెంచుతున్నారు, కాదనను. కానీ సాయంత్రం గేటు దగ్గర పిల్లలు పరిగెత్తుకొచ్చి తలెత్తి చూస్తే ఏం కనబడుతోంది? ఫోన్ వెనక భాగం. ఇంట్లోనూ అంతేనని పిల్లలే మాకు చెప్తున్నారు, ఏమనుకోకండి.

శుక్రవారం జారుడుబల్ల పక్కన కుర్చీలు వేయిస్తాం. వీలున్నవాళ్లు రండి, ఫోన్లు ఆఫీసులో ఇచ్చి కూర్చోండి.