లింకు పంపితే పని రాదండీ, పక్కన మనిషి ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా ఆవిడ పాస్‌బుక్ ప్రింటు వేయిద్దామని మా వీధి చివరి బ్యాంకుకి వెళ్లాను. నా ముందున్న పెద్దాయన కౌంటర్లో అతని మీద ఒకటే కేకలు, ఇన్నేళ్ల సర్వీసు పెట్టుకుని డబ్బు కట్టించుకోవడానికి పావుగంటా అని. అతను తలెత్తలేదు, స్క్రీన్ మీద ఏదో వెతుక్కుంటున్నాడు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి మూడో రోజట. నాకైతే నా గతం కళ్ల ముందు కనబడింది.

2020 ఏప్రిల్ 1న పది ప్రభుత్వ బ్యాంకులు నాలుగయ్యాయి. 1923లో బందరులో పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు కూడా ఆ రోజే యూనియన్ బ్యాంకులో కలిసింది, లాక్‌డౌన్ మొదలై అప్పటికి వారం. నేను పనిచేసిందీ అలా కలిసిపోయిన ఓ బ్యాంకులోనే, పేరెందుకు లెండి. బోర్డు మార్చడం ఒక్క పూట పని, అసలు తంటా కొన్ని నెలల తర్వాత సాఫ్ట్‌వేర్ మారినప్పుడు వచ్చింది. నాకప్పటికి 57 ఏళ్లు, క్యాష్ కౌంటర్. పాత సిస్టంలో ఏ పనికి ఏ మెనూ అన్నది నా వేళ్లకే తెలుసు, కస్టమర్‌తో మాట్లాడుతూనే కొట్టేసేవాణ్ని. కొత్తదానికి ట్రైనింగ్ రెండు రోజుల ఆన్‌లైన్ క్లాసు, అదీ కౌంటర్ నడుపుతూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినాలి, దాంతోపాటు 180 పేజీల పీడీఎఫ్. చివర్లో క్విజ్, జవాబులు వాట్సాప్ గ్రూపులో ముందే తిరిగాయి కాబట్టి అందరం పాస్. పైవాళ్ల లెక్కలో ట్రైనింగ్ 100 శాతం పూర్తి!

మొదటి సోమవారం సాయంత్రం క్యాష్ టాలీ కాలేదు. 9,500 ఎక్కువుంది. తక్కువొస్తే చేతి నుంచి కట్టి ఇంటికి పోవచ్చు, ఎక్కువొస్తే ఎవరి డబ్బో తేలేదాకా నిద్ర పట్టదు. వోచర్లు ఒక్కొక్కటీ తిప్పి రాత్రి తొమ్మిదిన్నరకి పట్టుకున్నాం, ఒక డిపాజిట్ నేను ఎంట్రీ చేశాను గానీ ఆఫీసర్ దగ్గర పాస్ కాలేదు. పాత సిస్టంలో పాస్ కానివి ఎర్రగా కనబడేవి, కొత్తదాంట్లో వేరే స్క్రీన్‌లోకి వెళ్లి చూసుకోవాలి. ఆ 180 పేజీల్లో ఈ ముక్క ఎక్కడో ఉండే ఉంటుంది.

మమ్మల్ని గట్టెక్కించింది ఓ అమ్మాయి. మమ్మల్ని కలుపుకున్న పెద్ద బ్యాంకు బ్రాంచి నుంచి పదిహేను రోజులకి పంపారు, సర్వీసు మూడేళ్లు, మా చిన్నమ్మాయి వయసు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చునేది, కీబోర్డు మాత్రం ముట్టుకునేది కాదు, "మీరే కొట్టండి సార్, నేను చూస్తుంటాను" అనేది. పాత మెనూ ఒక పక్క, దానికెదురుగా కొత్తది, మొత్తం పదమూడు లైన్లు ఓ అట్టముక్క మీద రాసి మానిటర్‌కి టేపు వేసి అంటించింది. నేను రిటైరయిన రోజుకీ అది అక్కడే ఉంది.

సీనియర్లకి అడగాలంటే మొహమాటం, ఇది ఎవరూ ఒప్పుకోరు. "రెండేళ్లలో పోయేవాణ్ని, నాకెందుకు" అని తప్పించుకునేవాళ్లూ ఉంటారు, మొదటి వారం నేనూ అలాగే అన్నాను. 1990ల్లో చేత్తో రాసే లెడ్జర్ల నుంచి ఖాతా లెక్కలు ఎక్కించే పోస్టింగ్ మెషిన్లకి మారినప్పుడు మేమే కుర్రాళ్లం, పెద్దవాళ్లకి నేర్పింది మేమే. అప్పుడు కొన్ని నెలలు మెషిన్లో కొట్టిందే మళ్లీ లెడ్జర్లోనూ రాసేవాళ్లం, రెట్టింపు చాకిరీ అని తిట్టుకున్నాం గానీ మెషిన్లో తప్పు పడితే లెడ్జర్ ఉందిలే అన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు శుక్రవారం రాత్రి పాతది ఆగుతుంది, సోమవారం పొద్దున కొత్తది, మధ్యలో ఏమీ లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2025 మే 1న మన రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకుల్నీ కలిపి ఒక్క ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు చేశారు, దేశంలో 43 ఉన్నవి 28 అయ్యాయి. తెలంగాణలో అదే ఏడాది జనవరి 1నే ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వెళ్లాయి. ఇలాంటి మార్పులు ఇంకా వస్తాయి, వద్దనను. నేనడిగేది చిన్నది. సిస్టం మారిన మొదటి నెల ప్రతి బ్రాంచికీ పని తెలిసిన ఒక మనిషిని పంపండి, ఫోన్లో హెల్ప్‌డెస్క్ కాదు, స్టూలేసుకుని పక్కన కూర్చునే మనిషి. ఆ నెల ఇన్సూరెన్స్ పాలసీలు ఎన్ని చేశారు, గోల్డ్ లోన్లు ఎన్ని ఇచ్చారు అని పదకొండు గంటలకల్లా మెసేజీలు పెట్టడం ఆపండి. పెన్షన్లు పడే మొదటి వారంలో సిస్టం మార్చకండి, దీనికి పైసా ఖర్చు లేదు కదా.

ఆ రోజు నా వంతు వచ్చేసరికి అరగంట పట్టింది. పాస్‌బుక్ తీసుకుంటూ అతని మానిటర్ వైపు ఓసారి వంగి చూశాను, అట్టముక్క ఏమీ లేదు.

— ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, తెనాలి