140వ పేజీ దగ్గర ఆగిన నవల

నల్లగొండ,
శుక్రవారం.

చిరంజీవి మా బిడ్డకు అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. మా గ్రంథాలయాలకు శుక్రవారం సెలవని నీకు తెలిసిందే. మీ నాయన పొద్దున్నే పానగల్లు చెరువు కట్ట మీదికి నడకకు పోయారు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మొన్న ఫోనులో నీ లంచ్ టైము అయిపోతున్నదన్న తొందరలో సరిగా చెప్పలేకపోయిన మాటను ఈ తీరికలో కాగితం మీద పెడుతున్నాను.

డిసెంబరులో హైదరాబాదు బుక్ ఫెయిర్‌లో కొన్న ఆ 700 పేజీల నవల 140వ పేజీ దగ్గరే ఆగిపోయిందని, ఏదో తప్పు చేసినదానిలా గొంతు తగ్గించి చెప్పావు. అందరూ అంతగా మెచ్చుకున్నది నాకే ఎందుకు ఎక్కడం లేదమ్మా అని అడిగావు. ఆ ప్రశ్నకు నేనేమీ కలవరపడలేదు. ఆ తరువాత నువ్వు మాటవరసకు అన్నది మాత్రం ఫోను పెట్టేసినా నన్ను వదలలేదు. ఇది పూర్తి చేయకుండా ఇంకొకటి మొదలుపెట్టకూడదనుకొని ఆరు నెలలుగా వేరే ఏ పుస్తకమూ ముట్టలేదన్నావు. బడి నుంచి వస్తూనే, భుజం మీది సంచి దించకముందే నా బల్ల దగ్గరికొచ్చి పిల్లల పత్రికల కోసం చేయి చాపిన దానివి, ఆరు నెలలు చదువు మానేశావంటే అందుకు ఆఫీసు పని కారణం కాదు, నచ్చని ఒక పుస్తకానికి నువ్వు చూపిస్తున్న మర్యాద కారణం.

ఆ మర్యాద నీకు నేర్పింది నేనే కాబట్టి తప్పులో సగం నాది. పుస్తకానికి కాలు తగిలితే తీసి కళ్లకద్దుకోవాలని చెప్పాను. దసరాకు పుస్తకాలన్నీ సరస్వతి పటం ముందు పేర్చి, ఆ పూట వాటిని తెరవనివ్వలేదు. కంచంలో మెతుకు వదలొద్దని కూడా ఆ వయసులోనే చెప్పాను. ఈ రెండు బుద్ధులూ నీ మనసులో ఎక్కడో కలిసిపోయి, సగం చదివిన పుస్తకం సగం తిని వదిలిన కంచంలా కనిపిస్తున్నట్టున్నది. కంచంలో వదిలింది పారబోయవలసి వస్తుంది. నువ్వు వదిలిన పుస్తకం పాచిపోదు, దాన్ని ఇంకొకరికి అంతే కమ్మగా వడ్డించవచ్చు.

పుస్తకాలను వదలడంలో నువ్వు ఒంటరిదానివి కాదని చూపించడానికి నా దగ్గర మాటల కంటే గట్టి సాక్ష్యం ఉంది. ఈసారి వచ్చినప్పుడు మా గ్రంథాలయంలో పాత నవలల బీరువా తెరిచి, ఒక లావు పుస్తకాన్ని మూసినట్టే ఉంచి, పేజీలు తిప్పే అంచును వెలుతురుకు పెట్టి చూడు. మొదటి అరవై, డెబ్భై పేజీల వరకు అంచు చెమట వేళ్ల మురికితో గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. అక్కడినుంచి చివరిదాకా కాగితం ముసలితనానికి పసుపెక్కిందే కాని చేతి మరక ఉండదు. లోపలి తేదీల చీటీ చూస్తే ఇరవై, ముప్ఫై మంది ఇంటికి తీసుకుపోయినట్టు ముద్రలుంటాయి. వాళ్లంతా ఇంచుమించు ఒకేచోట దిగిపోయారన్నమాట. ఆ చోట ఆర్టీసీ టికెట్టో, అగ్గిపుల్లో, ఒక్కోసారి వాసన ఇంకా పూర్తిగా పోని బత్తాయి ఆకో దొరుకుతుంది. గ్రంథాలయ వారోత్సవాలప్పుడు వేదికెక్కి, చేతికందిన పుస్తకాన్ని చివరి అక్షరం వరకు నమిలి మింగినట్టు ఉపన్యసించే పెద్దలను చూసినప్పుడల్లా నాకు ఆ రెండు రంగుల అంచులే గుర్తుకొస్తాయి, నవ్వు ఆపుకోవడం కష్టమవుతుంది.

నవ్వు రాని సంగతి ఒకటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో టైలరు పని చేసే ఒకాయన రోజూ సాయంత్రం వచ్చి పేపరు చదివి పోయేవాడు. ఒకనాడు ఏదైనా మంచి నవల ఇమ్మని అడిగితే, చదివేవాడు దొరికాడన్న ఉత్సాహంలో, నాకు ఎంతో ఇష్టమైన ఒక బరువైన నవలను చేతిలో పెట్టాను. గడువు దాటింది, నెల దాటింది, మూడు నెలలైనా ఆయన రాలేదు, పేపరు చదవడానికి కూడా రాలేదు. చివరికి ఒక పిల్లవాడి చేత పుస్తకం పంపించాడు, దాంతోపాటు ఆలస్య రుసుము చిల్లర కాగితంలో పొట్లం కట్టి పంపించాడు. అంచు చూస్తే పది పేజీలు కూడా నలగలేదు. చదవలేకపోయానని నాతో చెప్పడానికి సిగ్గుపడి, ఆ మనిషి గ్రంథాలయం మెట్లెక్కడమే మానేశాడు. అప్పటినుంచి కొత్తగా సభ్యులైన వారెవరికి పుస్తకం ఇచ్చినా, నచ్చకపోతే రేపే తెచ్చి ఇచ్చేయండి, కారణం అడగను అని ముందే చెప్పడం అలవాటు చేసుకున్నాను. సొంత కూతురికి మాత్రం ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు, చూడు.

మా గ్రంథాలయ సర్టిఫికెట్ కోర్సులో మొదట బోధించేది, మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనిపించుకున్న ఎస్.ఆర్. రంగనాథన్ గారి ఐదు సూత్రాలు. ఆయన వాటిని 1931లో పుస్తకంగా ప్రకటించారు. అందులో నాలుగోది పాఠకుని కాలాన్ని ఆదా చేయమంటుంది. పరీక్ష కోసం బట్టీ పట్టినప్పుడు, పుస్తకం తొందరగా వెతికి ఇవ్వడమే దాని అర్థమనుకున్నాను. నచ్చని పుస్తకంతో పాఠకుడు పోగొట్టుకునే కాలం కూడా అందులోకే వస్తుందని బల్ల వెనక చాలా ఏళ్లు కూర్చున్న తరువాత తోచింది. ప్రతి పాఠకునికి తన పుస్తకం, ప్రతి పుస్తకానికి తన పాఠకుడు అని రెండో సూత్రం, మూడో సూత్రం చెబుతాయి. నీ నవలకు దాని పాఠకుడు ఎక్కడో ఉన్నాడు, అది మాత్రం ఆరు నెలలుగా నీ మంచం పక్కన పడి ఉంది.

ఇన్ని పేజీలు చదివి ఇప్పుడు వదిలితే అవన్నీ దండుగే కదా అని కూడా అన్నావు. ఆ మాట వినగానే నాకు మునుగోడు వైపు మన చెలక, మీ తాత గుర్తుకొచ్చారు. నువ్వప్పుడు మూడో తరగతిలో ఉన్నావు, నీకు గుర్తుండకపోవచ్చు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్లు చూసే మనిషి చూపించిన చోట బోరు వేయడానికి రాత్రిపూట రిగ్గు దింపారు. 120 ఫీట్ల దగ్గర కొంచెం చెమ్మ తగిలి అందరి ముఖాలూ వెలిగాయి, ఆ తరువాత అంతా తెల్లటి రాతి దుమ్మే. 220 దగ్గర రిగ్గు నడిపే అతనే ఆపుదాం పటేలా అన్నాడు. "ఇంత పోసినంక ఆపితే ఇదంతా మట్టిపాలే గదా" అని మీ తాత ఒప్పుకోలేదు. లోతు పెరిగిన కొద్దీ ఫీటుకు రేటు కూడా పెరుగుతుంది. తెల్లవారేసరికి 310 ఫీట్లు అయింది, చుట్టూ బత్తాయి మొక్కల ఆకులన్నీ ఆ దుమ్ముతో తెల్లగా పేరుకుపోయి ఉన్నాయి, నీళ్లు మాత్రం పడలేదు. 220 ఫీట్ల డబ్బు ఆపినా పోయినట్టే, ఆపకపోయినా పోయినట్టే. ఆ రాత్రి మీ తాత చేతిలో ఇంకా మిగిలి ఉన్నది మిగతా తొంభై ఫీట్ల డబ్బు ఒక్కటే, దాన్ని పోయిన డబ్బు మీది బాధతో పోగొట్టుకున్నారు. నువ్వు చదివిన 140 పేజీల రాత్రులు ఇక తిరిగి రావు. మిగిలిన 560 పేజీలకు పట్టే రాత్రులు మాత్రం ఇంకా నీవే.

అయితే ఎన్ని పేజీలకు వదలాలి అని అడుగుతావు. యాభై పేజీలని కొందరు లెక్క చెబుతారు, నాకు ఆ లెక్క మీద నమ్మకం లేదు, కొన్ని పుస్తకాలు పది పేజీల్లోనే తేలిపోతాయి, కొన్ని వంద దాకా తమ సంగతి చెప్పవు. నేను చూసుకునేది వేరే. రాత్రి చదివి పడుకున్న తరువాత, మరునాడు గిన్నెలు తోముతున్నప్పుడో బస్సుకు నిలబడ్డప్పుడో అందులోని మనిషిగాని, మాటగాని, కనీసం అర్థం కాలేదన్న విసుగుగాని తనంతట తాను మనసులోకి వస్తున్నదా అని చూసుకుంటాను. విసుగు వచ్చినా సరే, పుస్తకం నాతో పోట్లాడుతున్నదన్నమాట, ఇంకా కొంత దూరం పోతాను. నాలుగు రోజులు చదివినా ఏమీ రాకపోతే తిరిగి బీరువాలో పెట్టేస్తాను. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు ఈ మాట చెల్లదు, వాళ్ల పుస్తకాలు వాళ్లను ఎంచుకున్నవే కాని వాళ్లు ఎంచుకున్నవి కావు.

కష్టంగా ఉన్నదాన్నల్లా వదిలేయమని నేను అనడం లేదు. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర సంగతే చెబుతాను. 1949లో అచ్చయిన ఆ పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, తెలుగులో ఆ బహుమతి అందుకున్న మొదటి పుస్తకం అదే. అంత పేరున్న పుస్తకాన్ని నేను కాలేజీ రోజుల్లో మొదటి పేజీ నుంచి పట్టుబట్టి మొదలుపెట్టి రెండుసార్లు ఓడిపోయాను. చాలా ఏళ్ల తరువాత, పూర్వం పిల్లలు ఏ ఆటలు ఆడేవారో రాసుకోవాలని ఒక బడిపంతులమ్మ అడిగితే ఆమె కోసం మధ్యలో తెరిచాను. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఎట్లా ఆడుకున్నారు అని కావ్యాల్లోంచి ఏరి చెబుతున్న తీరుకు పట్టుబడిపోయి, ఆ సాయంత్రం గ్రంథాలయం మూసే వేళ దాటిపోయింది. అక్కడినుంచి వెనక్కి వచ్చి మొదటి పేజీ నుంచి చదివాను. కాలేజీలో ఉన్నప్పుడు ఏడ్చుకుంటూ పూర్తి చేసి ఉంటే మళ్లీ దాని మొహం చూసేదాన్ని కాదేమో. ఆయనే 1934లో తెచ్చిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. తెలంగాణలో కవులే లేరన్నవారికి జవాబుగా వచ్చిన ఆ సంచికను వరుసగా చివరిదాకా చదివిన పాఠకుడు ఒక్కడూ నాకు తగలలేదు, మన ఊరివాళ్లు ఎవరైనా ఉన్నారా అని వెతుక్కొని, కనిపిస్తే వేలు పెట్టి చూపించి సంతోషంగా తిరిగి ఇచ్చేవారే అందరూ.

ఒక్కోసారి తప్పు పుస్తకానిది కాదు, మనదీ కాదు, అచ్చుది. ఒక అనువాద నవలను చీమల బారులాంటి అక్షరాల వల్ల వదిలేసి, నాకే బుద్ధి మందగించిందని కొన్నాళ్లు బాధపడ్డాను. పెద్ద అక్షరాల ముద్రణ వచ్చాక అది నాలుగు రోజుల్లో అయిపోయింది. నీ నవలలో అక్షరం ఎట్లా ఉందో ఒకసారి చూసుకో, నీ కళ్లద్దాల నంబరు కూడా చూపించుకొని చాలా కాలమైంది.

వదిలేసిన తరువాత ఎవరైనా అడిగితే అది చెత్త పుస్తకమని మాత్రం చెప్పకు. 140 పేజీలు చదివినవారికి 700 పేజీల మీద తీర్పు చెప్పే హక్కు లేదు, నాకు పట్టలేదు అంటే సరిపోతుంది. పూర్తిగా చదివినట్టు తల ఊపడం అంతకంటే అన్యాయం.

వచ్చే ఆదివారం మీ చిన్నమామ హైదరాబాదు వస్తున్నాడు. ఆ నవలను ఆయన చేతికిచ్చి పంపు. దాని కోసం ఒక రిటైర్డ్ పంతులుగారు రెండుసార్లు వచ్చి అడిగి పోయారు, దాతల రిజిస్టరులో నీ పేరు రాసి, ముద్ర వేసి ఆయనకే మొదట ఇస్తాను. 140వ పేజీలో నువ్వు పెట్టుకున్న గుర్తు ఏదైనా ఉంటే తీయకుండా అట్లాగే ఉంచు. ఆయన తిరిగి తెచ్చినప్పుడు అంచు మీద మరక ఎందాకా పోయిందో చూసి నీకు ఫోను చేస్తాను.

ఇట్లు,
మీ అమ్మ