సర్పగంధ పలక కింద బిళ్లగన్నేరు

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడిలో ఔషధ వనం ప్రారంభమైందని పోయిన వారం మీరు ఫొటోతో సహా వేసిన వార్త చదివి, స్వయంగా వెళ్లి చూసి వచ్చాక ఈ ఉత్తరం రాస్తున్నాను. 'సర్పగంధ' అని రాసిన పలక కింద బిళ్లగన్నేరు పూసి ఉంది. ఎవరూ నాటకపోయినా పెరట్లో మొలిచే ఆ అయిదు రేకుల గులాబీ రంగు పువ్వును వనం వేసినవారు గుర్తుపట్టలేదు, రిబ్బన్ కత్తిరించినవారూ గుర్తుపట్టలేదు. మీ విలేకరి అయినా దగ్గరికి వెళ్లి చూడాల్సింది.

ఇది అచ్చుతప్పులా వదిలేసే విషయం కాదు. బిళ్లగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ అనే మందును పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌లో వాడతారు. అదే మొక్క ఆకును పలక నమ్మి నమిలితే విషం. సర్పగంధ వేరునేమో మన వైద్యులు నిద్రపట్టనివారికీ మతి చలించినవారికీ తరతరాలుగా ఇస్తూ వచ్చారు. అది రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో తన రోగుల వివరాలతో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఆ వేరులోంచి రిసెర్పిన్ అనే మందు పదార్థాన్ని తీశారు. మోతాదు పెరిగితే మనసు కుంగిపోతుందని ఆ తర్వాత వైద్యులు గమనించారు. అందుకే ఏ మొక్కో, ఎంతో తెలిసినవారే మందు ఇవ్వాలి. నాటువైద్యమంతా మూఢనమ్మకమని కొట్టిపారేసే చదువుకున్నవారు కూడా రిసెర్పిన్ ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చదవాలి.

సర్పగంధను వేరు కోసమే తవ్వుతారు కాబట్టి తవ్విన ప్రతిసారీ మొక్క పోతుంది. సంతకు వేళ్లు, కరక్కాయలు మోసుకొచ్చే సవర గిరిజన ఆడవాళ్లకు షావుకారు చెప్పిందే ధర. మా జిల్లాలోని మహేంద్రగిరి కొండను 2022లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. సంతోషమే. కానీ 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక కమిటీ, స్థానిక మొక్కలు, వాటి వాడకం నమోదైన ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఆ రిజిస్టరు చూపించమని అడిగితే నన్ను ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకు తిప్పారు. చివరికి బీరువా తాళం ఉన్న గుమాస్తా సెలవులో ఉన్నాడన్నారు. పింఛను కాగితం అడిగినా, భూమి నకలు అడిగినా మాకు వినిపించేది ఈ జవాబే. అడిగేవాడు విసిగి ఇంటికి పోతాడని వాళ్ల ధీమా.

గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పాఠాలు చెబుతూ, సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. పని తనకు ముఖ్యమనిపించింది, చేశారు. ఇప్పుడు ఇన్ని శాఖలు, ఇన్ని జీపులు ఉన్నాయి. వనం వేసే ముందు కొండ మీది సవర వైద్యుణ్ని ఒక్కరినైనా పిలిచి ఉంటే ఆ పలక అక్కడ ఉండేది కాదు. ప్రారంభ సభ వేదిక మీద కూడా వాళ్లలో ఒక్కరూ లేరు. మీ ఫొటోలోనే కనిపిస్తోంది.

మొక్కల పేర్లు ఒడియాతోపాటు తెలుగులోనూ సవరలోనూ రాయించాలి. రిజిస్టరును పంచాయతీ గోడ మీద అందరూ చదివేలా పెట్టాలి. అవి ఆలస్యమైనా సరే, పలక మాత్రం ఈ వారమే తీయించాలి. వచ్చే నెల బడిపిల్లలను ఆ వనానికి తీసుకువెళ్తారని విన్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా