జడ్జి గారి అధికారం ఎంతవరకో మాకూ తెలియాలి: న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. చిత్తూరులో కోర్టు బయట టైపింగ్ సెంటర్ నడుపుతున్నాను. పిటిషన్లు, అఫిడవిట్లు టైపు చేయడం నా పని. వచ్చేవాళ్లలో చాలామంది గొంతు తగ్గించి అడిగేది ఒకటే: "మంత్రి గారితో ఒక మాట చెప్పిస్తే జడ్జి గారు వింటారా అన్నా?" వినరు, వినకూడదు కూడా. రాజ్యాంగం 235వ అధికరణం కింది కోర్టుల మీద అదుపును హైకోర్టుకు ఇచ్చింది గానీ మీకు ఇవ్వలేదు. అలాంటి సిఫార్సు కోసం ఎవరైనా మీ ఇంటికి వస్తే కాఫీ ఇచ్చి పంపేయండి. నేను రాస్తున్నది మీ చేతిలో ఉన్న పనుల గురించి.

జడ్జికి ఏ అధికారం ఉంది, ఏది లేదు అన్నది చట్టంలో స్పష్టంగానే ఉంది. తెలియనిది బోనులో నిలబడే మనిషికే. పలమనేరు, గంగాధరనెల్లూరు పల్లెల నుంచి తొలి బస్సుకే బయల్దేరి వచ్చే రైతు దృష్టిలో జడ్జి తలుచుకుంటే ఏదైనా జరిగిపోతుంది. జేబులో ఫోన్ మోగితే ఆరు నెలలు లోపలేస్తారనుకుంటాడు. కోర్టు ధిక్కారం అన్న మాట చెవిన పడితే చాలు, టెన్షన్.

నిజానికి 1971 కోర్టు ధిక్కార చట్టం కింద ఆరు నెలల జైలు, రెండు వేల రూపాయల జరిమానా దాకా వేయగలిగేది పై కోర్టులే. కింది కోర్టు ఆ చట్టం కింద సొంతంగా శిక్ష వేయలేదు, హైకోర్టుకు నివేదించాలి. కళ్లెదుటే కోర్టును కావాలని అవమానించినా, పనికి అడ్డుపడినా, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే నాగరిక సురక్ష సంహిత 384వ సెక్షన్ కింద ఆ రోజు కోర్టు లేచేలోపు వెయ్యి రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. కట్టకపోతే నెల దాకా సాధారణ జైలు. అదీ సంజాయిషీ చెప్పుకొనే అవకాశం ఇచ్చాకే. క్షమాపణ చెబితే వదిలేసే వీలూ ఉంది.

అసలు భయపడాల్సిన చోట మావాళ్లకు భయం లేదు. ఫలానా పని చేయొద్దని కోర్టు ఇచ్చే ఇంజంక్షన్ ఆర్డరు చేతికొచ్చినా "కాగితమే కదా" అని గట్టు దున్నేస్తారు. దానికి ఆస్తి జప్తు చేసి, మూడు నెలల దాకా సివిల్ జైలుకు పంపే అధికారం ఆ ఆర్డరు ఇచ్చిన కింది కోర్టుకే ఉంది!

సాక్షిని ఎప్పుడైనా, ఏ ప్రశ్నయినా అడిగే అధికారమూ జడ్జికి ఉంది. లాయరు అభ్యంతరం చెప్పినా ఆగదు. తీర్పు మాత్రం చట్టప్రకారం రుజువైన సంగతుల మీదే రాయాలి. "కాణిపాకం వచ్చి ప్రమాణం చేయమంటే వాడు రానన్నాడు, ఇంకేం రుజువు కావాలి?" అని వాదించేవాళ్లను చూస్తుంటాను. ఊళ్లో పంచాయితీకి అది సరిపోవచ్చు, కోర్టుకు సరిపోదు.

వాయిదాల సంగతి మీకు తెలియంది కాదు. సివిల్ దావా విచారణలో ఒక పక్షానికి మూడుకు మించి ఇవ్వకూడదన్నది రూలు. మనిషి చేతిలో లేని కారణాలుంటే సడలించవచ్చని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. ఇప్పుడు నడుస్తున్నదంతా సడలింపే. దీనికి జడ్జినొక్కరినే తప్పుపట్టలేం, వాయిదా అడిగేది లాయర్లు, అడిగించేది చాలాసార్లు కక్షిదార్లే.

ఉత్తరప్రదేశ్ ఆర్థికశాఖ అధికారులను కస్టడీలోకి తీసుకోమని అక్కడి హైకోర్టు ఆదేశిస్తే సుప్రీంకోర్టు 2024 జనవరి 3న ఆ ఆదేశాన్ని కొట్టేసింది. హైకోర్టు అధికారానికీ హద్దు ఉందన్నమాట. అధికారులను కోర్టుకు పిలిపించే విషయంలో సుప్రీంకోర్టు ఒక పద్ధతి కూడా పెట్టింది. వాళ్ల రూపం మీద, చదువు మీద వ్యాఖ్యలు చేయకూడదు. సమాధానం చెప్పేటప్పుడు తప్ప విచారణ పొడుగునా నిలబెట్టకూడదు. మంచిదే. మరి పంచె కట్టుకుని వచ్చిన ముసలాయనకు ఈ మర్యాద ఎందుకు ఉండకూడదు? ఆయన పేరు పిలిచేదాకా వరండాలో, పిలిచాక బోనులో నిలబడే ఉంటాడు. మీరు జడ్జిలకు చెప్పలేరు, నిజమే. ఇదే మర్యాద మామూలు కక్షిదార్లకూ వర్తించేలా చూడమని ప్రభుత్వం తరఫున హైకోర్టుకు లేఖ రాయవచ్చు. వరండాలో బెంచీలు వేయించడానికైతే లేఖ కూడా అక్కర్లేదు, నిధులు ఇస్తే చాలు.

ఇక భాష. కింది కోర్టుల భాష ఏదో నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 137, సురక్ష సంహిత 307 సెక్షన్లు చూడండి. అధికార భాషా చట్టం 1966లోనే చేసుకున్నాం. అయినా నా బల్ల మీదికి వచ్చే కాగితాల్లో ఎక్కువ ఇంగ్లీషువే. ముద్దాయి కోరితే, వీలైనంత వరకు, తీర్పును అతని భాషలో అనువదించి ఇవ్వాలని చట్టం చెబుతోంది. అనువదించే మనిషి లేకపోతే ఎవరిస్తారు? ఆ పోస్టులు మంజూరు చేయాల్సింది మీ ప్రభుత్వమే.

చివరిగా, ప్రతి కోర్టు గుమ్మం దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టించండి: ఈ కోర్టు ఏం చేయగలదు, ఏం చేయలేదు, అన్యాయం జరిగిందనిపిస్తే అప్పీలు ఎక్కడ, ఎన్ని రోజుల్లో, ఉచిత న్యాయసహాయం ఎక్కడ దొరుకుతుంది. అందులో ఏం రాయాలో హైకోర్టు చూసుకుంటుంది. చిత్తూరు బోర్డు వరకు టైపు చేసే పని నాకిస్తే డబ్బులు తీసుకోను.

ఇట్లు,
చిత్తూరు కోర్టు బయట టైపు చేసుకునే ఒకడు