నాన్నతో వచ్చిన పాప ఏ బాత్రూమ్‌కి వెళ్ళాలి?

సంపాదకులకు నమస్కారం.

సెలవులు రాగానే పిల్లల్ని ఎక్కడెక్కడికి తీసుకెళ్ళొచ్చో పత్రికలన్నీ రాస్తాయి, మీరూ రాస్తారు, నేను అవి కత్తిరించి దాచుకునే రకం. అయితే పిల్లలతో వెళ్ళేది తండ్రి ఒక్కడే అయితే అక్కడ పడే ఇబ్బంది గురించి ఎవరూ రాయగా చూడలేదు. అందుకే ఈ ఉత్తరం.

మాది విశాఖపట్నం. నా భార్య నర్సు, ఆదివారాలు తరచూ డ్యూటీ ఉంటుంది. పాపకి ఆరేళ్ళు, బాబుకి మూడు. ఆదివారం ఇంట్లో ఉంటే ఇద్దరూ ఫోన్ కోసం కొట్టుకుంటారు కాబట్టి పొద్దున్నే ఇడ్లీలు తినిపించి, రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు, నీళ్ళ సీసా సంచిలో వేసుకుని బయల్దేరతాం. ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఉచితం చేసిన స్త్రీశక్తి పథకం వచ్చాక సిటీ బస్సులో పాప ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ ఇస్తాడు, ఐదేళ్ళలోపు కాబట్టి బాబుకి ఎలాగూ టికెట్ లేదు, డబ్బులిచ్చేది నేనొక్కణ్ణే. ఆ టికెట్‌ని మా పాప ఇంటికొచ్చేదాకా గుప్పెట్లోంచి వదలదు.

మా ఊళ్ళో పిల్లలకి చూపించాల్సినవి చాలా ఉన్నాయి, అదీ పెద్దగా ఖర్చు లేకుండా. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు కదా, ఆ కాసేపూ మూడు చక్రాల సైకిల్ మీద బాబుదే రాజ్యం. తర్వాత ఇసుకలో ఎండ్రకాయల బొరియల ముందు కూర్చోవడం, అది బయటికి రాగానే అరవడం, మళ్ళీ కూర్చోవడం, దీంతో గంట గడిచిపోతుంది. కైలాసగిరి మీద కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు ఎక్కితే ఒక పక్కంతా సముద్రం. జూకి వెళ్తే నీటి ఏనుగు నోరు తెరిచేదాకా మా వాడు అక్కణ్ణుంచి కదలడు.

వీటన్నిటికన్నా కురుసుర జలాంతర్గామి మా పిల్లలకి ఎక్కువ ఇష్టం. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన అసలైన జలాంతర్గామి అది, 2002 నుంచి బీచ్‌లో మ్యూజియంగా ఉంది. తొంభై మీటర్లకి పైన పొడవు, లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి రంధ్రంలోంచి వంగి దూరాలి. పెద్దవాళ్ళం నడుం పట్టుకుంటాం గానీ పిల్లలు కుందేళ్ళలా దూరిపోతారు. ఇందులో డెబ్బై మందికి పైగా ఉండేవారని నౌకాదళంలో చేసి రిటైరైన పెద్దాయన చెబుతుంటే మా పాప, 'మరి అంతమందికీ బాత్రూమ్ ఎక్కడ తాతా?' అని అడిగింది. ఆయన నవ్వకుండా, పిల్లేకదా అని తోసెయ్యకుండా, సముద్రం అడుగున మంచినీళ్ళు ఎంత పొదుపుగా వాడుకునేవారో ఓపిగ్గా చెప్పారు. ఆ పెద్దాయనకి నా నమస్కారాలు.

భీమిలి గురించి కూడా చెప్పాలి. గోస్తనీ నది సముద్రంలో కలిసేది అక్కడే. పోయిన చలికాలం మేం నలుగురం అరకు రైల్లో వెళ్ళి బొర్రా గుహలు చూశాం, అక్కడ పారే నీళ్ళు ఈ గోస్తనీవే. భీమిలిలో నది ఒడ్డున నిలబెట్టి ఆ మాట చెప్తే పాప చాలాసేపు నీళ్ళవైపే చూసి, 'మనం రైల్లో వచ్చాం, అది నడిచి వచ్చిందా?' అంది. ఇలాంటి మాటలు స్కూల్లో రావు, ఇంట్లో టీవీ ముందు అసలే రావు. పిల్లల్ని బయట తిప్పితేనే వస్తాయి. వాళ్ళ అమ్మ డ్యూటీ నుంచి వచ్చాక ఇవన్నీ ఆవిడకి ఒప్పజెప్పడం మా రాత్రి భోజనాల దగ్గర పెద్ద కార్యక్రమం.

ఇక అసలు విషయం. ఇన్ని చోట్లు తిరిగాం, పాపకి అర్జెంటు అన్న ప్రతిసారీ నాకు టెన్షనే. ఆడవాళ్ళ వైపు నేను వెళ్ళకూడదు, వెళ్ళనూ లేను. ఆరేళ్ళ పిల్లని ఒంటరిగా లోపలికి పంపితే గొళ్ళెం అందదు, కుళాయి అందదు, నేల జారుడుగా ఉంటుంది, లోపల ఎవరున్నారో తెలీదు. మగవాళ్ళ వైపు తీసుకెళ్దామంటే గోడ వెంబడి నిలబడ్డ మగవాళ్ళ మధ్యలోంచి ఆడపిల్లని ఎలా నడిపించను? చేతిలో ఇంకొకడు ఉంటాడు, వాణ్ణి బయట వదిలి వెళ్ళలేను. బీచ్‌లో అయితే మరీ కష్టం, మా తీరంలో అలల లాగుడు ఎంత ప్రమాదమో ఊరందరికీ తెలుసు, రెప్పపాటు కూడా పిల్లాడి చెయ్యి వదలడానికి లేదు.

ఒకసారి ఒక పార్కులో ఇలాగే దిక్కులు చూస్తుంటే మురీ మిక్చర్ అమ్ముకునే ఒకావిడ, 'ఏటి బాబూ, పాపకా? నాతో పంపు, తీసుకెళ్తాను' అని బండి వదిలేసి లేచింది. ఆవిడ మంచితనానికి చేతులెత్తి దండం పెట్టాలి. కానీ మన పిల్ల అవసరం ప్రతిసారీ ముక్కూ మొహం తెలియని మనిషి మంచితనం మీద ఆధారపడితే ఎలా? ఇంకో చోట బాబుకి బట్టలు మార్చాల్సి వచ్చి అడిగితే, ఆ బల్ల లేడీస్ లోపల ఉంది సార్, వాళ్ళ మమ్మీ రాలేదా అన్నారు. రాలేదు, డ్యూటీలో ఉంది. చివరికి సిమెంటు బెంచీ మీద, అందరి ముందూ, తువ్వాలు అడ్డం పెట్టి మార్చాను. చిన్నపిల్లాడికి సిగ్గేమిటి అంటారు కొందరు. మూడేళ్ళవాడికి కూడా సిగ్గుంటుంది, వాడు నా భుజంలో మొహం దాచుకున్నాడు.

తండ్రులు పిల్లల పనులు చూసుకోవాలని అందరూ చెబుతారు, నేనూ అదే నమ్ముతాను. అలాంటప్పుడు కట్టే కట్టడాల్లో తండ్రికి కూడా చోటుండాలి కదా. నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. మగ, ఆడ అని రెండు గుమ్మాలున్న ప్రతి చోటా బయటి నుంచే నేరుగా వెళ్ళగలిగేలా ఒక విడి గది, లోపల గడియ, పిల్లలకి అందే ఎత్తులో ఒక కుళాయి, గోడకి మడతపెట్టే బల్ల ఒకటి, తలుపు మీద 'పిల్లలతో వచ్చినవారికి' అని తెలుగులో ఒక బోర్డు. మనవణ్ణి తెచ్చిన అమ్మమ్మకీ, నడవలేని తల్లిని తెచ్చిన కొడుక్కీ, మంచాన పడి లేచిన భర్తని గాలి కోసం తెచ్చిన భార్యకీ ఆ గదే పనికొస్తుంది.

చాలాచోట్ల కొత్తగా కట్టడం కూడా అక్కర్లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చాక కొన్నిచోట్ల వాళ్ళకోసం విడిగా గదులు కట్టారు. నేను చూసినవాటిలో కొన్ని తాళం వేసి ఉన్నాయి, ఒకదాంట్లో చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకున్నారు. ముందు వాటి తాళాలు తీయండి, దివ్యాంగులకి మొదటి హక్కు ఉంచుతూనే చిన్నపిల్లలతో వచ్చినవారినీ వాడుకోనివ్వండి, తాళం చెవి ఎవరి దగ్గరుందో తలుపు మీదే రాయండి.

నగరపాలక సంస్థవారు, పర్యాటక శాఖవారు ఈ ఉత్తరం చదువుతారని ఆశ. వేసవి సెలవుల రద్దీ మొదలయ్యేలోపు బీచ్ రోడ్డు, జూ, కైలాసగిరి ఈ మూడు చోట్లా ఒక్కో గది తెరిచినా మాలాంటివాళ్ళకి చాలు. మీ పాఠకుల్లో తండ్రులు ఎవరైనా తమ ఊళ్ళో ఇలాంటి గది ఎక్కడైనా బాగా నడుస్తుంటే మీ పత్రికకి రాయమని కోరుతున్నాను, ఆ ఉత్తరం పట్టుకుని మా ఊరి అధికారుల దగ్గరికి నేనే స్వయంగా వెళ్తాను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తండ్రి,
విశాఖపట్నం