ఎల్‌పీసీ వెనకవైపు ఖాళీగా వదలకండి

సంపాదకులకు నమస్కారం.

నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంటును. లెక్కల టీచరునై ఉండి నా ఇన్‌కం ట్యాక్స్ లెక్కే తప్పింది కాబట్టి కాస్త సిగ్గుపడుతూనే రాస్తున్నాను. తప్పంతా ఎల్‌పీసీ దగ్గరే, అంటే బదిలీ అయ్యేటప్పుడు పాత ఆఫీసు ఇచ్చే చివరి జీతం సర్టిఫికెట్ దగ్గరే మొదలైంది.

2024-25 ఆర్థిక సంవత్సరం మధ్యలో నాకు బదిలీ అయింది. నెలకు 95 వేల చొప్పున పాత స్కూల్లో నాలుగు జీతాలు, కొత్త స్కూల్లో ఎనిమిది తీసుకున్నాను. పాత చోట నెలనెలా 5 వేలు టీడీఎస్ (జీతంలోంచే ముందుగా కోసే ట్యాక్స్) పట్టుకునేవారు. కొత్త చోట ఫిబ్రవరి బిల్లుకు ముందు ఐటీ ఫారం నింపుతుంటే, "ఇక్కడ డ్రా చేసింది రాయండి, చాలు" అన్నారు. రాశాను. 7,60,000లో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 6,85,000. ఆ ఏడాది కొత్త విధానంలో 7 లక్షల వరకు రిబేటు ఉండేది కనుక ట్యాక్స్ సున్నా. ఫిబ్రవరి జీతం పూర్తిగా చేతికొచ్చిందని ఇంట్లో సంబరపడ్డాం. ఏ టీచరుకైనా అలా వచ్చిందంటే ముందు అనుమానం రావాలి. నాకు రాలేదు.

జూలైలో రిటర్ను వేయబోతే రెండు చోట్ల జీతాలూ కలిశాయి. మొత్తం 11,40,000. సెస్సుతో కలిపి ట్యాక్స్ 62,140. పట్టుకున్నది 20 వేలే. మిగిలిన 42,140కి తోడు, అడ్వాన్స్ ట్యాక్స్ కట్టలేదంటూ వడ్డీ 3,809. ఒక్కసారిగా దాదాపు 46 వేలు! ఆ నెల టెన్షన్ ఇక చెప్పనక్కర్లేదు.

పన్ను ఎగ్గొట్టాలని ఇందులో ఎవరూ అనుకోలేదు. జీతమిచ్చేది ప్రభుత్వమే అయినా స్కూలు మారితే డీడీవో (జీతం బిల్లు పెట్టి ట్యాక్స్ కోసే అధికారి) మారతారు, ఆ ట్యాక్స్ జమచేసే ఆఫీసు టాన్ నంబరు మారుతుంది. కొత్త డీడీవోకు నా పాత నాలుగు నెలల సంగతి తెలియాలంటే ఎల్‌పీసీయే ఆధారం. ఏప్రిల్ నుంచి ఎంత ట్యాక్స్ పట్టారో రాయడానికి దాని వెనకవైపు చోటుంది కూడా. నాకిచ్చిన దాంట్లో ముందువైపు పీఎఫ్‌తో సహా అన్నీ రాశారు, వెనక ఖాళీ.

ఆ నాలుగు నెలల అంకెలు ఉండుంటే ఎనిమిది నెలలూ నెలకు 5,270 చొప్పున పోయేది. నాకు అలవాటైన కటింగే. తక్కువ పట్టుకుంటే అదే ఆర్థిక సంవత్సరంలో తర్వాతి జీతాల్లో సర్దుకోవచ్చని చట్టమే చెబుతోంది. ఫిబ్రవరి బిల్లు వెళ్లిపోయాక సర్దడానికి జీతమేదీ మిగలదు. తక్కువ పట్టినందుకు ఆఫీసు మీద కూడా నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది. ఈ సంగతి ఎంతమంది డీడీవోలకు గుర్తుందో!

ట్రెజరీ అధికారులకు నా మనవి ఒకటే. ఈ కారణంతో ఎవరి జీతం బిల్లూ ఆపొద్దు, అది ఇంకో బాధ. డిసెంబరులో మాత్రం ఆ ఏడాది బదిలీ అయినవాళ్ల లెక్క ఒకసారి తీయించండి. తేడా ఉంటే చివరి రెండు మూడు జీతాల్లో సర్దొచ్చు.

మొన్న మా స్కూలు నుంచి బదిలీ అయిన హిందీ మేడం ఎల్‌పీసీ చూశాను. మళ్లీ ఖాళీయే. హెడ్మాస్టరు గారి దగ్గరికి తీసుకెళ్లి అప్పటికప్పుడు రాయించాం. పది నిమిషాలు పట్టింది.

— ఒక లెక్కల టీచరు